ఆమె ఒప్పుకున్న జీతమే కదా?

కూలి తగ్గించి ఇవ్వడం అనగానే మనకు ఇటుక బట్టీలు, రోడ్డు పనుల కాంట్రాక్టర్లు గుర్తుకొస్తారు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీకి బస్తాకు ఇంత అని ఒక లెక్క ఉంటుంది. కాని మన గడప లోపల, మన చంటిబిడ్డను చంకనెత్తుకుని తిరిగే ఆయమ్మ లెక్క ఏమిటని ఎవరూ అడగరు. ఆమెకు ఇచ్చే జీతం గురించి మాట వస్తే మన ఇళ్ళలో వినిపించే జవాబు దాదాపు ఒకటే: "మేమేమీ బలవంతం చేయలేదు, ఆమె ఒప్పుకున్న జీతమే కదా ఇస్తున్నాం!"

ఈ జవాబు దేశ చట్టం ముందు నిలుస్తుందా? షరీఅత్ ముందు నిలుస్తుందా? ఈ నెల పాఠంలో ఈ రెండు ప్రశ్నలనే పరిశీలిద్దాం.

ముందుగా మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. సూర్యాపేటలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళు పెరిగాయి. కోదాడలోనూ, మిర్యాలగూడలోనూ అంతే. బడిలో పాఠాలు చెప్పేవారు, ఆసుపత్రుల్లో డ్యూటీ చేసేవారు, దుకాణం చూసుకునేవారు పసిపిల్లల్ని ఎవరికో ఒకరికి అప్పగించి పోవాలి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, తండాల నుంచి ఆటోలో వచ్చే అక్కలు, మన బస్తీలోనే ఉండే వితంతువులైన ఖాలాలు ఆ పనికి వస్తారు. కొందరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటారు. కొందరు ఒక పూట వస్తారు. బాలింత ఇంట్లో నలభై రోజులు చంటిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోసే ముసలమ్మలు వేరు. ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడో, ఎవరైనా ఆసుపత్రిలో చేరినప్పుడో నాలుగు రోజులు పిల్లల్ని చూసుకోవడానికి పిలిచేవారు వేరు. వీళ్ళెవరికీ రాతపూర్వకమైన ఒప్పందం ఉండదు, హాజరు పట్టీ ఉండదు. మరో విషయం గమనించాలి. మన పాఠకుల ఇళ్ళలో జీతం ఇచ్చేవారు ఎందరో, పక్క వీధిలో అదే పనికి వెళ్ళి జీతం తీసుకునేవారు కూడా అందరే ఉండవచ్చు. కనుక ఈ పాఠం ఇద్దరికీ సంబంధించినది.

చట్టం ఏమంటోంది?

1948 నాటి కనీస వేతనాల చట్టం కింద ప్రభుత్వం ఏ పనులను పట్టికలో చేరిస్తే ఆ పనులకే కనీస జీతం వర్తించేది. చాలాకాలం ఇంటిపని ఆ పట్టికలో లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఇంటిపనిని ఆ పట్టికలో చేర్చింది. అంటే ఈ మూడు పట్టణాలు ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఉన్న రోజుల్లోనే మన ఇంటి ఆయమ్మ జీతం చట్టం లెక్కలోకి వచ్చింది. మనలో ఎందరికి ఆ సంగతి తెలిసింది?

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. తక్కువ ఇచ్చిన యజమానికి యాభై వేల రూపాయల వరకు జరిమానా పడుతుంది. అయిదేళ్ళలోపు అదే తప్పు మళ్ళీ చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా అయిదు వందలకు మించేది కాదు. అయితే ఆరు నెలల వరకు జైలుకు అవకాశం ఉండేది.

అసలు బరువు జరిమానాలో లేదు. తగ్గించిన సొమ్ము కోసం కార్మికురాలు దరఖాస్తు చేసుకుంటే, విచారించే అధికారి ఆ బకాయి ఇప్పించడమే కాక, దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా విధించవచ్చు. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. న్యాయంగా నెలకు తొమ్మిది వేలు ఇవ్వవలసిన చోట ఆరు వేలే ఇచ్చారనుకోండి. నెలకు మూడు వేలు తక్కువ. ఇరవై నెలలకు అరవై వేలు. ఆ అరవై వేలు కట్టాలి, దాని మీద ఆరు లక్షల వరకు పరిహారం పడవచ్చు. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయమని కలెక్టరుకు పంపుతారు. పాత చట్టంలో ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఇప్పుడు ఆ గడువు మూడేళ్ళు. పైగా జీతం పూర్తిగా చెల్లించామని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. చేతికి చేయి ఇచ్చుకుని, కాగితం మీద ఏమీ రాయని మన అలవాటు ఇక్కడ మనకే ఎదురు తిరుగుతుంది.

ఇక "ఆమె ఒప్పుకుంది కదా" అన్న మాట. పాత చట్టమూ, కొత్త కోడూ రెండూ దీనికి తలుపు మూసేశాయి. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నానని కార్మికురాలు రాసిచ్చినా ఆ రాత చెల్లదు. 1982లో ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా లోతుకు వెళ్ళింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. కర్రతో కొట్టి చేయించేదే బలవంతం కాదు, ఆకలి మనిషిని తోసుకొచ్చినా అది బలవంతమేనన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ ప్రాంతంవారికి వెట్టి అన్న మాట పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో దొరల గడీలకు వెట్టి చేసినవారి మనవలు, మనవరాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. దొర కూతురు అత్తవారింటికి వెళితే ఆమె వెంట ఆడబాపగా పేదింటి పిల్లను పంపేవారు. ఆ పిల్ల జీతమెంత అని అడిగిన నాథుడు లేడు. 1936లోనే నిజాం ప్రభుత్వం అప్పు కింద జీతగాణ్ణి కట్టేసుకునే భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిబంధనలు తెచ్చింది, కాని ఊళ్ళలో వెట్టి ఆగలేదు. 1946 తర్వాత ఇక్కడ లేచిన సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. ఇప్పుడు గడీలు లేవు. కాని కూతురి పెళ్ళికి పదివేలు అడ్వాన్సు ఇచ్చి, "అది తీరేదాకా వేరే ఇంటికి పోవద్దు, జీతం పెంచమని అడగొద్దు" అని ఆయమ్మను కట్టేసుకునే ఇళ్ళు ఉన్నాయి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం సరిగ్గా దీని గురించే చెబుతుంది. అడ్వాన్సు చూపించి నామమాత్రపు కూలికి పని చేయించుకుంటే మూడేళ్ళ వరకు జైలు. ఆ అడ్వాన్సు అప్పు కూడా రద్దవుతుంది.

కొత్త కోడ్ గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. అది "సంస్థ" అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో వ్యాపారమో, పరిశ్రమో, వృత్తో సాగే చోటు అని ఉంది. ఇల్లు అన్న మాట విడిగా లేదు. దీన్ని పట్టుకుని ఇల్లు సంస్థ ఎలా అవుతుందని ఒక పక్షం, పిల్లల సంరక్షణ ఆమెకు వృత్తే కదా అని మరో పక్షం వాదిస్తారు. ఇంటిపనివారి కోసం ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించడానికి కమిటీ వేయాలని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మన దేశం ధ్రువీకరించలేదు. ఈ సందులన్నీ వెతికే యజమానికి కోర్టులో ఏదో ఒక దారి దొరకవచ్చు. అల్లాహ్ కోర్టులో ఆ నిర్వచనాలు పనికివస్తాయా?

షరీఅత్ ఏమంటోంది?

పిల్లల్ని చూసుకున్నవారి ప్రతిఫలం గురించి దివ్య ఖుర్ఆన్ సూటిగానే మాట్లాడింది. బఖరా సూరా 233వ వాక్యంలో దాది చేత బిడ్డకు పాలిప్పించేవారు, ఇస్తామన్నది సముచితమైన రీతిలో అప్పగించాలన్న ఆజ్ఞ ఉంది. తలాఖ్ సూరా 6వ వాక్యం ఇంకా ఆలోచింపజేస్తుంది. విడాకులు పొందిన స్త్రీ తాను కన్న బిడ్డకే పాలిస్తున్నా, ఆ తండ్రి ఆమెకు ప్రతిఫలం చెల్లించాలని అది చెబుతుంది. కన్నతల్లి శ్రమనే ఊరికే తీసుకోవద్దన్న ధర్మం, పరాయి బిడ్డ కోసం తన బిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన స్త్రీ శ్రమను సగం ధరకు తీసుకోనిస్తుందా? ఈ రెండు చోట్లా వచ్చే "మారూఫ్" అన్న మాటను గమనించండి. సమాజంలో న్యాయమని అందరూ ఎరిగినది అని దాని భావం. ఒప్పుకున్నది అని మాత్రమే కాదు.

పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉపదేశం ఇబ్నె మాజాలో ఉంది. ఇది మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. బుఖారీలోని హదీసు దానికన్నా భయంకరమైనది. ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలిచే ముగ్గురిలో ఒకడు, పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు. కొంత ఇచ్చి కొంత మింగినవాడు తాను ఆ ముగ్గురిలో లేనని ధీమాగా ఉండగలడా? ముతఫ్ఫిఫీన్ సూరా తీసుకునేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తక్కువగా కొలిచేవారిని హెచ్చరిస్తుంది. పొద్దున ఎనిమిదికి రావలసిన ఆయమ్మ ఎనిమిదీ పావుకు వస్తే గడియారం చూపిస్తాం. సాయంత్రం అయిదుకు పోవలసినామెను ఏడుదాకా ఉంచినప్పుడు ఆ గడియారం ఎటు పోతుందో!

ధర్మవేత్తలు కూలి ఒప్పందం గురించి చెప్పిన కొన్ని సూత్రాలు మన ఇళ్ళకు నేరుగా వర్తిస్తాయి. మొదటిది, పనీ జీతమూ ముందే స్పష్టం కావాలి. "చూసి ఇస్తాంలే, మా ఇంటి మనిషివే కదా" అని ఊరించడం ఒప్పందం కాదు. జీతం నిర్ణయించకుండా పని చేయించుకుంటే అలాంటి పనికి ఆ ఊళ్ళో నడిచే న్యాయమైన కూలి ఇవ్వాలి. దీన్నే ఉజ్రతె మిస్ల్ అంటారు. పిల్లవాడి కోసమని పిలిచి అంట్లు, బట్టలు, మంచాన పడిన ముసలాయన సేవ ఒక్కొక్కటే చేరుస్తూ పోతే అవన్నీ వేరే పనులు. వాటికి వేరే ప్రతిఫలం ఉంది.

రెండోది చాలామందికి తెలియనిది. నెలజీతానికి తన సమయాన్ని మనకు అప్పగించిన మనిషిని ఫిఖ్ః పరిభాషలో అజీరె ఖాస్ అంటారు. ఆమె పనికి సిద్ధంగా ఉండి, మనమే పని ఇవ్వకపోతే ఆ రోజుల జీతం ఆమె హక్కే. హనఫీ గ్రంథాల్లో ఇది స్పష్టంగా ఉంది. వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని మనం అమ్మగారింటికి పదిహేను రోజులు పోయి, వచ్చాక "మేము లేం కదా" అని సగం జీతం కోస్తాం. ముందే అలా మాట్లాడుకుని ఉంటే వేరు. లేకపోతే ఆ కోత జుల్మ్.

మూడోది, చేతిలోంచి జారి పగిలిన గాజు సీసాకు, తప్పిపోయిన వెండి పట్టీకి జీతంలోంచి కోసుకోవడం. పనివారి చేతిలోని వస్తువు అమానతు. నిర్లక్ష్యమో, ద్రోహమో రుజువైతే తప్ప దాని నష్టం వారిమీద పడదు. దేశ చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. ఆమెకు ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు, ఆమె నిర్లక్ష్యం వల్లనే పోయినప్పుడే కోత. అన్ని రకాల కోతలూ కలిపినా జీతంలో సగానికి మించరాదు. నెలజీతాన్ని మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. పని మాన్పిస్తే లేదా ఆమే మానేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. మామూలు పనిగంటలకు మించి ఉంచితే రెట్టింపు రేటు చెల్లించాలి. మానేసిన ఆయమ్మను "వచ్చే నెల రా, చూద్దాం" అని నాలుగుసార్లు తిప్పించే ఇళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

జకాత్ గురించి ఒక హెచ్చరిక

రంజాన్ నెలలో కొన్ని ఇళ్ళలో ఒక విచిత్రమైన లెక్క నడుస్తుంది. ఏడాదంతా తక్కువ జీతం ఇచ్చి, పండుగకు జకాత్ సొమ్ములోంచి అయిదు వేలు, ఒక చీర ఇచ్చి "మొత్తం కలుపుకుంటే సరిపోతుంది" అనుకుంటారు. జకాత్ ప్రతిఫలం లేకుండా ఇవ్వవలసినది. దాన్ని జీతం బదులుగా లెక్కిస్తే జకాత్ నెరవేరదు, ఇక జీతం బాకీ అలాగే ఉంటుంది. ఒక్క నోటుతో రెండు అప్పులు తీర్చాలనుకుంటే రెండూ మిగిలిపోతాయి. ఆయమ్మ పేదరాలైతే ఆమెకు జకాత్ ఇవ్వవచ్చు. మన బంధువుల్లో పేదలకు ఇచ్చినట్టే, జీతం పూర్తిగా ఇచ్చాక, దాని గురించి నోరెత్తకుండా ఇవ్వాలి. మిగిలిన బిర్యానీ, పిల్లలకు పొట్టి అయిన బట్టలు కూడా అంతే. అవి జీతంలో భాగం కావు. పనివారు మన సోదరులు, మనం తినేదే వారికి పెట్టాలని ప్రవక్త (స) చెప్పారు. అది జీతం మీద అదనం, జీతానికి బదులు కాదు.

చిన్నపిల్లల సంగతి

జీతం తగ్గించుకోవడానికి మనవారు కనిపెట్టిన అతి హీనమైన మార్గం, ఊయల ఊపడానికి పదేళ్ళ పిల్లను పెట్టుకోవడం. "పేద పిల్ల, మా ఇంట్లో కడుపునిండా తింటుంది" అంటారు. 2006 అక్టోబరు 10 నుంచే పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఇంటిపనిలో పెట్టుకోవడం నిషేధం. 2016 సవరణ తర్వాత శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇక్కడ ఎంత జీతం ఇచ్చారన్న ప్రశ్నే లేదు, పూర్తి జీతం ఇచ్చినా నేరమే. ఎక్కడైనా కనబడితే 1098కి ఫోను చేయవచ్చు.

ఇది మన దేశపు మాట మాత్రమే కాదు. మన తెలుగు ఆడబిడ్డలు ఎందరో కువైట్ ఇళ్ళలో పిల్లల్ని చూసుకుంటున్నారు. అక్కడ 2015లో ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం వచ్చింది, 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. జీతం ఆలస్యమైన ప్రతి నెలకు పది దీనార్లు అదనంగా కట్టాలి. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒక భారత దౌత్యాధికారిణి అరెస్టయ్యారు. పిల్లలనూ ఇంటినీ చూసుకోవడానికి తీసుకెళ్ళిన మహిళకు గంటకు 9.75 డాలర్లు ఇస్తామని వీసా పత్రాల్లో చూపి, నిజానికి చాలా తక్కువ ఇచ్చారన్నది ఆరోపణ. ఆమె దాన్ని ఖండించారు. దౌత్య రక్షణ కారణంగా 2014 మార్చిలో కోర్టు ఆ అభియోగ పత్రాన్ని కొట్టివేసింది, తర్వాత మళ్ళీ అభియోగం నమోదైంది. ఆ రోజుల్లో మన దేశంలో చర్చంతా అధికారిణికి జరిగిన అవమానం గురించే సాగింది. ఆ పనిమనిషి జీతం గురించి మాట్లాడినవారు తక్కువ.

జీతం తక్కువ వస్తోందని భావించే సోదరీమణులు ఏం చేయాలి? మొదట ఇంటి యజమానురాలితోనే మాట్లాడండి, పెద్దమనిషి ఒకరిని వెంట తీసుకెళ్ళండి. ఏ నెల ఎంత వచ్చింది, ఎన్ని గంటలు ఉన్నారు అన్నది ఒక నోటుబుక్కులో మీ పిల్లల చేతైనా రాయించుకోండి. ఫోనులో పంపించే జీతమైతే ఆ మెసేజీలు చెరపకండి. తేలకపోతే కార్మిక శాఖ సహాయ కార్మిక అధికారికి దరఖాస్తు ఇవ్వండి. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచితంగా వకీలు సహాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థ కార్యాలయంలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

జీతం ఇచ్చేవారు ఈ రోజే చేయగలిగినది ఒకటుంది. పాత లెక్క తీయండి. ఇంతకుముందు మీ ఇంట్లో పనిచేసి వెళ్ళిపోయిన ఆయమ్మలకు ఎంత తక్కువ ఇచ్చారో, ఏ సెలవుల జీతం కోశారో గుర్తు చేసుకోండి. చట్టం గడువు మూడేళ్ళు. హుఖూఖుల్ ఇబాద్‌కు, అంటే దాసుల హక్కులకు గడువు లేదు, హక్కుదారు చేతికి చేరడమో, ఆమె మనస్ఫూర్తిగా క్షమించడమో జరగాలి. గుహలో చిక్కుకున్న ముగ్గురిలో ఒకాయన, కూలి తీసుకోకుండా వెళ్ళిపోయిన మనిషి సొమ్మును పెంచి పశువుల మందగా చేసి అతనికే అప్పగించాడని హదీసులో చదువుతాం. మనల్ని మంద పెంచమని ఎవరూ అడగడం లేదు, అసలు ఇస్తే చాలు. ఆమె మరణించి ఉంటే ఆ సొమ్ము వారసులది. ఎంత వెతికినా ఆచూకీ దొరకకపోతే ఆమె పేరున దానం చేయాలని ధర్మవేత్తలు చెప్పారు. తర్వాత ఆమె తిరిగొచ్చి అడిగితే మళ్ళీ చెల్లించాలి. అయితే వెతకకుండానే దొరకలేదనకండి. ఆమెను తెచ్చి పనిలో పెట్టిన పక్కింటి వారికి ఆమె ఊరు తెలుసు, ఆమె రోజూ ఎక్కి వచ్చిన ఆటోవారికి ఆమె దిగే తండా తెలుసు.